రెండేళ్లు ఆలోచించుకునే కాలేజీ కాదది

ముప్పై మూడేళ్ల వయసులో అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరానని చెబితే మా చిన్నాన్న అడిగిన మొదటి మాట: "ఏ కమ్యూనిటీ వాళ్లదమ్మా ఆ కాలేజీ?"

నెల్లూరు జిల్లాలో కమ్యూనిటీ అంటే కులమే. ఫలానా వాళ్ల కళ్యాణ మండపం, ఫలానా వాళ్ల హాస్టల్ ఉన్నట్టే ఇక్కడ కూడా ఎవరో కట్టించుకున్నారనుకున్నాడు. "అందరిదీ చిన్నాన్నా, ఎవరైనా చేరొచ్చు" అన్నాను. "అందరిదీ అయితే దానికేం విలువుంటుంది?" అని ఫోన్ నాన్నకిచ్చేశాడు. నాన్న ఇంకో అడుగు ముందుకేశాడు. అక్కడ మొదటి రెండేళ్లు చదివి, యూనివర్సిటీకి మారి కమ్యూనికేషన్ ప్రధాన సబ్జెక్టుగా, అంటే మేజర్‌గా, చేస్తానంటే, "ఈసీఈనా? మరి ఎలక్ట్రానిక్స్ ఏమైంది?" అన్నాడు.

నాన్న మాట ఇప్పటికీ ఇంట్లో జోకు. చిన్నాన్న మాట మాత్రం జోకు కాదని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. అందరికీ తలుపు తీసి ఉంచే చోటు నుంచి కొందరికే తలుపు తీసే చోటుకి వెళ్లాలంటే మధ్యలో ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. దాని గురించి మన వాళ్లలో చెలామణీ అవుతున్న ఒక మాట తప్పని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

2024లో నా డిగ్రీ పూర్తయినప్పటి నుంచి కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్ చుట్టుపక్కల తల్లులు నాకు ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఇంచుమించు ఒకే మాట. "మా వాడు ఏం చదవాలో ఇంకా తేల్చుకోలేదు. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో పెడితే ఈలోగా ఆలోచించుకుంటాడు, డబ్బూ మిగులుతుంది, తర్వాత ఏ మంచి యూనివర్సిటీకో మారతాడు. మీరు చేశారుగా!" డబ్బు సంగతి నిజమే. మారడమూ నిజమే. ఆలోచించుకోవడం అన్నదే అబద్ధం. కమ్యూనికేషన్ లాంటి పోటీ ఉన్న మేజర్ కావాలనుకునేవాళ్లకు ఆ రెండేళ్లలో ఆలోచనకు చోటు లేదు. తేల్చుకుని వచ్చినవాడికి అది అద్భుతమైన దారి. తేల్చుకోనివాడికి మాత్రం అది మెల్లగా మూసుకుపోయే తలుపు.

డబ్బు లెక్క ముందు చెప్పేస్తాను. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో స్థానికులకు ఒక యూనిట్‌కు (కోర్సుల్ని కొలిచే లెక్క అది) 46 డాలర్లు. ఏడాదికి 30 యూనిట్లంటే 1,380 డాలర్లు. అదే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, అందరూ యూసీ అనేదానిలో, నేను చేరినప్పుడు ఏడాదికి ఫీజులన్నీ కలిపి పదిహేను వేల చుట్టూ ఉండేది. అప్పుడు నేను మా ఆయన ఉద్యోగ వీసాకు జతగా ఇచ్చే హెచ్4 వీసా మీద ఉన్నాను. హెచ్4 వాళ్లకు స్థానికుల ఫీజు రాదని మన వాళ్లలో చాలామంది అనుకుంటారు. ఏడాదికి పైగా ఇక్కడే కాపురం ఉన్నట్టు కాగితాలు చూపిస్తే వస్తుంది. ప్రభుత్వ సాయం మాత్రం రాదు, ఫీజు మనమే కట్టుకోవాలి. మా ఆయన ఆ 46 డాలర్ల సంగతి విని, "మన ఇంటర్నెట్ బిల్లు కంటే తక్కువ, చేరిపో" అన్నాడు. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద చర్చేమీ జరగలేదు.

ఈ ఏర్పాటుకు ఒక చరిత్ర ఉంది. 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. అప్పటి యూసీ అధ్యక్షుడు క్లార్క్ కెర్ దానికి ముఖ్య కారకుడు. హైస్కూల్ పిల్లల్లో పైనున్న ఎనిమిదో వంతు యూసీకి, పై మూడో వంతు కాల్ స్టేట్ అనే మరో ప్రభుత్వ కాలేజీల వరసకు, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ. అక్కడ రెండేళ్లు బాగా చదివితే పైవాటిలో మూడో సంవత్సరంలోకి దారి ఉంటుంది. మన దగ్గర ఒక్క ఎంసెట్ ర్యాంకుతో జీవితం ఏ పట్టాలెక్కుతుందో తేలిపోయేది. ఇక్కడ పద్దెనిమిదేళ్లకు తేలకపోయినా పర్వాలేదు, ఇరవైకి మళ్లీ రండి అంటున్నారు. మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు అదే చదివితే, ఇరవైకి ఎలా రావాలో కూడా అక్కడే రాసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

నా సంగతి చెప్పాలి. మాది కలిగిరి దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కావలిలో డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పెళ్లయింది. అకౌంట్స్ ఒక సబ్జెక్టు పోయింది, సప్లిమెంటరీ రాయలేదు. తర్వాత హైదరాబాదు, తర్వాత ఇక్కడికి, ఇద్దరు పిల్లలు. చిన్నవాడు కిండర్‌గార్టెన్‌కు వెళ్లిన 2019లో నేనూ ఊళ్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీకి వెళ్లాను. అదృష్టం ఏమిటంటే సరిగ్గా ఆ ఏడాదికే ఒక కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకు ముందైతే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి, ఇంగ్లీషూ లెక్కలూ కింది మెట్టు నుంచి మొదలుపెట్టించేవారట. నన్ను నేరుగా యూనివర్సిటీ లెక్కలోకి వచ్చే ఇంగ్లీషు కోర్సులో కూర్చోబెట్టారు.

కమ్యూనికేషన్ ఎందుకని అందరూ అడిగారు. "మాట్లాడటానికి కూడా డిగ్రీ ఏంటండీ" అని ఒక బర్త్‌డే పార్టీలో కేకు ప్లేటు పట్టుకుని ఒకాయన అన్నారు. అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకు పెద్దన్నలాంటిదని ఆయన అనుకున్నట్టున్నారు. నాకు కారణం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే: నేను మొదటి రోజే తేల్చుకుని వెళ్లాను. అది నా తెలివి కాదు. ఇద్దరు పిల్లల తల్లికి అటూ ఇటూ తిరిగే తీరిక లేదు, అంతే. నేను గట్టెక్కడానికి అదే కారణమని నాకు తర్వాత అర్థమైంది.

ఎందుకంటే ఈ ట్రాన్స్‌ఫర్ లెక్క ఇలా ఉంటుంది. యూసీలో మూడో సంవత్సరంలో చేరడానికి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. వాటిలో సగానికి పైగా అందరికీ ఉమ్మడిగా ఉండే జనరల్ కోర్సులకే పోతాయి. మిగిలినవాటిలో మేజర్‌కు ముందస్తుగా చదవాల్సినవి ఉంటాయి. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ క్యాంపస్‌లోని ఏ మేజర్‌కు చెల్లుతుందో చూపించే అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఒకటుంది. మా ఇంట్లో పంచాంగం కంటే ఎక్కువసార్లు దాన్నే తెరిచాను. కమ్యూనికేషన్ అనే ఒకే పేరు మీద ఒక క్యాంపస్ గణాంకశాస్త్రం తప్పనిసరి అంటుంది. ఇంకోటి భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పరిచయాలు చూస్తానంటుంది. బర్క్‌లీలోనైతే ఆ పేరుతో మేజరే లేదు, దగ్గరగా ఉన్నది మీడియా స్టడీస్. అంటే మేజర్ ఒక్కటి తేల్చుకుంటే చాలదు, ఏ క్యాంపస్‌లో మేజరో కూడా తేల్చుకోవాలి. అదీ మొదటి సెమిస్టర్లోనే, ఎందుకంటే దరఖాస్తు పెట్టేది చేరడానికి దాదాపు ఏడాది ముందు, నవంబర్‌లో. రెండేళ్లలో ముగించాలనుకునే కుర్రాడు ఆగస్టులో కాలేజీలో అడుగుపెట్టి, పదిహేను నెలల తర్వాత దరఖాస్తు పెట్టేస్తాడు. ఆ రోజుకు చేతిలో ఉండేవి రెండు సెమిస్టర్ల గ్రేడ్లు, సగంలో ఉన్న మూడోది. ఆలోచించుకోవడం ఎప్పుడు?

మా పక్క వీధి అబ్బాయి సంగతి చూడండి. పేరు వద్దు. తెలివైనవాడు, హైస్కూల్‌లో ఏదీ నచ్చక తిరిగినవాడు. వాళ్ల నాన్న సాఫ్ట్‌వేర్ కాబట్టి మొదటి సెమిస్టర్లో ప్రోగ్రామింగ్, కాల్‌క్యులస్, ఫిజిక్స్ తీసుకున్నాడు. మూడింట్లోనూ సి గ్రేడే. తర్వాత ఖగోళశాస్త్రం, కుండలు చేసే సెరామిక్స్ క్లాసు. మూడో సెమిస్టర్లో ఒక మీడియా క్లాసులో కూర్చుని, నాకు కావాల్సింది ఇదే అని ఇంటికొచ్చి చెప్పాడు. కమ్యూనిటీ కాలేజీ ఉన్నది ఇందుకే కదా? వెతుక్కుంటూ వెళ్లాడు, దొరికింది. వాడి కళ్లలో వెలుగు నేను చూశాను.

కానీ లెక్క వేరే ఉంది. ఇక్కడ డి గానీ ఎఫ్ గానీ వస్తే ఆ కోర్సు మళ్లీ చదివి గ్రేడు మార్చుకోవచ్చు. సి వస్తే మార్చుకోవడానికి లేదు. సి అంటే పాసైనట్టే కదా, మళ్లీ ఎందుకు కూర్చుంటావని కాలేజీ సీటివ్వదు. అంటే పూర్తిగా చేతులెత్తేసినవాడికి దారి ఉంది, కిందా మీదా పడి గట్టెక్కినవాడికి లేదు. ఆ మూడు సి లు వాడి జీపీఏకు, అంటే నాలుగుకు లెక్కగట్టే గ్రేడ్ల సగటుకు, జిగురులా అతుక్కుపోయాయి. యూసీ ప్రతి ఏటా ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ల జీపీఏలు క్యాంపస్ వారీగా, మేజర్ వారీగా పట్టిక వేసి బయట పెడుతుంది. లాస్ ఏంజెలెస్ క్యాంపస్ కమ్యూనికేషన్ వరసకెళ్లి చూడండి, సీటొచ్చినవాళ్ల జీపీఏలు నాలుగుకు ఆనుకుని ఉంటాయి. సెరామిక్స్‌లో 'ఏ' గ్రేడు తెచ్చుకున్నవాడు ఫిజిక్స్ సి తో ఆ గీత దాటలేడు. దరఖాస్తులో వాడు రాయబోయే ఏ వ్యాసమూ దాన్ని దాటించలేదు. ఫిజిక్స్ రానివాడు మంచి కమ్యూనికేషన్ విద్యార్థి కాలేడా? ఆ ప్రశ్న అడిగే గడి ఆ ఫారంలో లేదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, కొంతవరకు ఒప్పుకుంటాను కూడా. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. మూడో ఏట చేరినవాడు రెండేళ్లలో బయటికి పోవాలంటే పునాది కోర్సులు అయిపోయి ఉండాలి. నేను యూసీ డేవిస్ క్యాంపస్‌లో చేరిన మొదటి క్వార్టర్‌లోనే అది కళ్లారా చూశాను. అక్కడ కమ్యూనికేషన్ అంటే ఉపన్యాసాల శాఖ కాదు. ఎవరి మాట ఎవరు ఎందుకు నమ్ముతారో సర్వేలతో, ప్రయోగాలతో, అంకెలతో తేల్చే సామాజిక శాస్త్రం. పది వారాల క్వార్టర్, నాలుగో వారానికి మిడ్‌టర్మ్. పరిశోధన పద్ధతుల క్లాసులో గణాంకాల పట్టు లేనివాళ్లు మూడో వారానికే మొహాలు తేలేశారు. కాబట్టి ముందే చదివి రండి అనడం అన్యాయం కాదు. చదివి రావాల్సిన విషయం ఎవరికి, ఎప్పుడు, ఎవరి నోటి ద్వారా తెలుస్తుందన్న దగ్గరే అన్యాయం ఉంది.

నాకెలా తెలిసిందో చెప్తాను. లైబ్రరీలో పిల్లల కథల గంటకు వచ్చే ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ చెప్పింది, అసిస్ట్ అనేది ఒకటుందని. కాలేజీ కౌన్సెలర్ కాదు. కౌన్సెలర్‌తో నాకు దొరికింది అరగంట, అదీ ఆరు వారాల తర్వాత. ఆ అరగంటలో నాకు దరఖాస్తు గడువు నవంబర్ 30 అని చెప్పారు. అది నిజమే. చెప్పనిది ఇంకోటుంది. యూసీలో ఆరు క్యాంపస్‌లు, డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు ముందే సీటు ఖాయం చేసే ఒప్పందం ఇస్తాయి. దాన్ని టాగ్ అంటారు. వాళ్లడిగిన కోర్సులు, జీపీఏ ఉంటే చాలు. ఏదో ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో దీనిలో లేవు. ఆ ఫారం పెట్టాల్సింది సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు.

నాకు ఆ సంగతి 2021 అక్టోబర్ మొదటి వారంలో తెలిసింది. పార్కింగ్‌లో కారు దగ్గర నిలబడి ఒక క్లాస్‌మేట్, "నీ టాగ్ ఏ క్యాంపస్‌కి?" అని మామూలుగా అడిగింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. రెండేళ్లకు పైగా పిల్లల్ని పడుకోబెట్టి పన్నెండింటి దాకా చదివిన చదువు, వారం రోజుల తేడాతో గ్యారంటీ నుంచి లాటరీకి జారిపోయింది. కోపం ఆ కౌన్సెలర్ మీద కాదు. ఒక్కొక్కరి నెత్తిన ఎన్ని వందల మందో. కానీ అంత పెద్ద తలుపుకు తాళంచెవి నోటిమాటగా పార్కింగ్‌లో దొరకడమేమిటి?

తర్వాత డేవిస్‌లో ఒక పాఠం విన్నప్పుడు ఈ పార్కింగ్ గుర్తొచ్చింది. 1940 ఎన్నికలప్పుడు ఒహాయోలోని ఈరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఓటర్ల వెంట నెలల తరబడి తిరిగింది. రేడియో, పత్రికలు నేరుగా జనాన్ని మారుస్తాయనుకున్నారు. తేలింది వేరు. ఎక్కువమందికి మాట తమ చుట్టూ ఉన్న మనుషుల ద్వారా, కాస్త ఎక్కువ చదివే పక్కింటివాడి ద్వారా చేరుతుంది. కాలేజీ బ్రోషర్లు ఎన్ని అచ్చేసినా ఇంతే. అన్నో అక్కో యూసీలో చదివిన ఇంట్లో సెప్టెంబర్ సంగతి భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. తన ఇంట్లో అందరికంటే మొదట కాలేజీకి వెళ్తున్న పిల్లకు తెలియదు. మరి ఈ దారి వేసింది ఎవరికోసం?

కాసేపు నవ్వుకునే సంగతి ఒకటి. 2020 వసంతంలో నేను పబ్లిక్ స్పీకింగ్, గణాంకాలు రెండూ తీసుకున్నాను. మార్చిలో కాలేజీ జూమ్‌లోకి వెళ్లిపోయింది. గణాంకాలు వదిలేశాను. ఆ సెమిస్టర్లో అలా వదిలేసినవాళ్లకు మచ్చపడకుండా ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు, మళ్లీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నాను. పబ్లిక్ స్పీకింగ్ మాత్రం వదల్లేదు. అందులో ఒక షరతు పెట్టారు: ప్రసంగించేటప్పుడు ముందు కనీసం ముగ్గురు పెద్దవాళ్లు శ్రోతలుగా కూర్చుని వీడియోలో కనిపించాలి. లాక్‌డౌన్‌లో ముగ్గురు పెద్దవాళ్లను ఎక్కణ్నుంచి తేను? మా ఆయన ఒకరు. మూడు నెలలకని వచ్చి విమానాలు ఆగిపోయి మాతో ఇరుక్కుపోయిన మా అత్తమ్మ రెండు, మామయ్య మూడు. సోఫాలో వరసగా కూర్చున్నారు. నేను ఇంగ్లీషులో ఏడు నిమిషాలు మాట్లాడాను, రక్తదానం గురించి. అత్తమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయిపోయాక అంది: "ఏం చెప్పావో తెలీదు గానీ, ఆ చేతులు తిప్పడం తగ్గించు. చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి." వారం తర్వాత మాస్టారి దగ్గర్నుంచి వ్యాఖ్యలు వచ్చాయి. మొదటి వాక్యం చేతుల గురించే.

విడ్డూరం ఏమిటంటే, మాట్లాడటం నేర్పే ఆ కోర్సు అప్పట్లో కాల్ స్టేట్‌కు వెళ్లేవాళ్లకే తప్పనిసరి, యూసీకి వెళ్లేవాళ్లకు కాదు. 2025 నుంచి రెండింటికీ కలిపి ఒకే జనరల్ కోర్సుల జాబితా వచ్చింది, అందులో అది అందరికీ ఉంది. అదే ఏడాది నుంచి పబ్లిక్ స్పీకింగ్‌తో సహా కొన్ని కోర్సులకు రాష్ట్రంలోని కాలేజీలన్నిట్లో ఒకే నంబరు కూడా పెట్టారు. మంచి మార్పులే. అంతకు ముందు 2015లో యూసీ ఒక ఇరవై మేజర్లకు అన్ని క్యాంపస్‌లకూ పనికొచ్చే ఉమ్మడి కోర్సుల దారి గీసింది, కమ్యూనికేషన్ కూడా అందులో ఉంది. ఆ దారిన నడిస్తే అన్నిచోట్లా దరఖాస్తుకు సిద్ధమైనట్టే, సీటు మాత్రం హామీ కాదు. అదీ మొదటి సెమిస్టర్ నుంచే నడవాలి. ఎటు తిప్పినా అక్కడికే వస్తున్నాం.

నా దరఖాస్తు సంగతికొస్తే, ఆ ఫారంలో ప్రపంచంలో ఎక్కడ ఏ కాలేజీలో చదివినా అన్నీ రాయాలి. దాస్తే సీటు రద్దు చేయొచ్చు. అంటే కావలిలో పోయిన అకౌంట్స్ కూడా. పదిహేనేళ్ల కిందటి మార్కుల మెమోల కోసం తమ్ముణ్ని కాలేజీ చుట్టూ తిప్పాను. ఆ సబ్జెక్టు పక్కన ఫెయిల్ అని టైప్ చేస్తుంటే ఇరవై ఏళ్ల పిల్లలా సిగ్గేసింది. కానీ అదే కట్టలో పదో తరగతి మెమో కూడా వచ్చింది, మీడియం తెలుగు అని ఉన్నది. అప్పట్లో యూసీకి వెళ్లేవాళ్లు ఇంగ్లీషు కాకుండా ఇంకో భాష వచ్చని చూపించాల్సి ఉండేది. మా క్లాసు పిల్లలు దానికోసం స్పానిష్ కోర్సుల్లో కూర్చుంటుంటే, నాకు ఆ గడి తెలుగు మీడియం నింపేసింది. పెళ్లిచూపుల నుంచి ప్లేగ్రూపు దాకా ప్రతిచోటా నాకు లోటుగా లెక్కేసిన సంగతి, ఆ ఒక్క కాగితం మీద నా ఖాతాలో జమ అయింది.

ఇక వ్యాసాలు. ట్రాన్స్‌ఫర్ వాళ్లు నాలుగు ప్రశ్నలకు, ఒక్కోదానికి 350 పదాల్లోపు జవాబు రాయాలి. వాటిలో తప్పనిసరిది: ఎంచుకున్న మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారు? నా మొదటి చిత్తుప్రతి కోర్సుల పేర్ల చిట్టా. ఇద్దరు పిల్లలతో ఎంత కష్టపడ్డానో కూడా ఇరికించాను. చదివితే నాకే ఆవలింత వచ్చింది. రెండోసారి అమ్మ గురించి రాశాను.

నాకు ఆరేళ్లప్పుడు మా జిల్లా అంతా రాత్రి బడులు నడిచాయి, అక్షరాస్యత ఉద్యమం. అమ్మ లాంతరు పట్టుకుని వెళ్లేది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారాకు బలైన ఒక ఇంటి కథ. దూబగుంటలో అది చదివిన ఆడవాళ్లు పుస్తకం మూసి ఊరుకోలేదు, వెళ్లి సారా కొట్టు మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరూరా పాకింది. 1992లో జిల్లా అంతటా సారా వేలాలకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక పాఠం. అంతకు ముందు ఎన్ని ఉపన్యాసాలు, ఎన్ని పోస్టర్లు! అవి చేయలేనిది, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఒకరి ముందు ఒకరు చదువుకున్న ఒక కథ ఎలా చేసింది? మా అమ్మ సంతకం నేర్చుకున్న రోజు నుంచి నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇది, దీనికి జవాబు వెతికే శాఖ పేరు కమ్యూనికేషన్ అని నాకు ముప్పై ఏళ్లకు తెలిసింది అని రాశాను. 349 పదాలు వచ్చాయి. చిన్నాన్నకు చదివి వినిపిస్తే, "దానికి కాలేజీ ఎందుకు, నన్నడిగితే చెప్పేవాణ్నిగా" అన్నాడు.

2022 ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. రెండు క్యాంపస్‌లు కాదన్నాయి, డేవిస్ రమ్మంది. కాదన్న చోట నా వ్యాసం ఎవరైనా చదివారో, జీపీఏ దగ్గరే ఆగారో తెలిసే దారి లేదు. ఇంటర్వ్యూ లేదు, గొంతు వినరు. మాటల శాస్త్రానికి మనిషిని మాట వినకుండానే ఎంచుకోవడం ఏమిటని అప్పుడు తెగ వాదించేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఇంటర్వ్యూ పెడితే నా యాసతో నేను గట్టెక్కేదాన్నా అని ఆలోచిస్తే నోరు మూతపడుతుంది.

డేవిస్ మా ఇంటికి దగ్గరేమీ కాదు. వారంలో మూడు రోజులు ఫ్రీమాంట్ సెంటర్‌విల్‌లో తెల్లారకముందే క్యాపిటల్ కారిడార్ రైలెక్కేదాన్ని, రెండు గంటలకు పైనే ప్రయాణం. మార్టినెజ్ దాటి వంతెన మీదికి రాగానే కింద నీళ్లు, తర్వాత సుయ్‌సూన్ చిత్తడి నేలలు, డిక్సన్ దగ్గర టమాటా పొలాలు. పెరుగన్నం డబ్బా, రీడింగులు, పక్క సీట్లో నిద్రపోయే సాక్రమెంటో ఉద్యోగులు. కావలి పాసింజర్‌లో కాలేజీకి వెళ్లిన రోజులకూ దీనికీ తేడా, ఇక్కడ జామకాయలు అమ్మేవాళ్లు లేరు. నా కాలేజీ జీవితంలో నాకు నిజంగా ఆలోచించుకోవడానికి టైమ్ దొరికింది ఆ రైల్లోనే. అప్పటికి అన్నీ తేలిపోయాయి.

ఇప్పుడు ఆసుపత్రి కాగితాలు రోగులకు అర్థమయ్యేలా తిరగరాసే పని చేస్తున్నాను. జీతం మా ఆయన జీతంలో సగం. పని నచ్చింది.

ఏం మారాలని నన్ను అడిగితే పెద్దగా ఏమీ అడగను. కాలేజీలో చేరిన మొదటి ఏడాది వచ్చిన సి లను, ఆ కోర్సులు మేజర్‌కు సంబంధం లేనివైతే, లెక్కలోంచి తీసేయమంటాను. డి తెచ్చుకున్నవాడికి ఇచ్చే క్షమాభిక్ష సి వాడికి ఎందుకివ్వరు? వెతుక్కోమని పిలిచింది మీరే, వెతుక్కున్నందుకు జరిమానా వేయకండి. ఇంకోటి, చేరిన రోజు ఇచ్చే ఐడీ కార్డు వెనకాల సెప్టెంబర్ గడువు అచ్చేయండి. పైసా ఖర్చు లేదు.

అవి మారేదాకా మన తల్లిదండ్రులకు నేను చెప్పే మాట వేరు. పిల్లవాడు తేల్చుకోలేదా? అయితే మొదటి సెమిస్టర్లో నాలుగు కోర్సులు కాదు, రెండే తీసుకోమనండి. అవి కూడా ఎటు వెళ్లినా పనికొచ్చేవి: ఇంగ్లీషు, గణాంకాలు. మిగిలిన రోజంతా ఎక్కడో పని చేయనివ్వండి, తిరగనివ్వండి. రెండేళ్లలోనే అయిపోవాలని ఏ శిలాశాసనంలో ఉంది? నాకు మూడేళ్లు పట్టింది. మీ సాఫ్ట్‌వేర్ కోరిక తీర్చడానికి వాడిచేత ఫిజిక్స్‌లో సి తెప్పించకండి.

పక్క వీధి అబ్బాయి పోయిన వారం వాళ్లమ్మతో వచ్చాడు. ఇంకో ఏడాది ఉంటున్నాడు, ఈ సెమిస్టర్ గణాంకాలు. తన జీపీఏకు అందే క్యాంపస్ ఒకటి చూసుకుని సెప్టెంబర్‌లో టాగ్ పెడతాడు. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, తప్పనిసరి ప్రశ్న దగ్గర కర్సర్ పెట్టుకుని కూర్చున్నాడు.

"సెరామిక్స్ గురించి రాయొచ్చా ఆంటీ? మట్టి చక్రం మీద పెట్టాక ఎవరి మాటా వినదు, అలాంటిదేదో..."

"రాయి" అన్నాను.

వాళ్లమ్మ హాల్లోంచి కేకేసింది. "ఇంతకీ వీడికి సీటొస్తుందంటావా?"

"మిడ్‌టర్మ్ ఎప్పుడు?" అని వాణ్ని అడిగాను. గురువారం అన్నాడు. లాప్‌టాప్ మూయించి, గణాంకాల పుస్తకం తీయమన్నాను.